విషయం ఆరు శాతం

ఈ మొత్తం వ్యవహారానికి మూలం నేనేనని మా వదిన హైమావతి ఇప్పటికీ అంటుంది. నేను కాదనను. కాకపోతే నేను రాసింది ఒక్క అర్జీ. మిగతాదంతా ప్రభుత్వం చేసింది.

ఆ రోజు మా ప్రెషర్ కుక్కర్ మూత రాలేదు. లోపల పప్పు, బయట నేను. ఫోనులో వెతికితే పద్నాలుగు నిమిషాల వీడియో ఒకటి దొరికింది. పైన బొమ్మలో ఒకామె నోరు తెరిచి, రెండు చెంపల మీదా చేతులు పెట్టుకుని ఉంది. పక్కన ఎర్ర బాణం. "ఈ తప్పు చేస్తే మీ వంటిల్లు ఉండదు" అని రాసి ఉంది. మా వంటిల్లు ఉండాలని చూశాను. మొదటి రెండు నిమిషాలు ఆమె నన్ను పలకరించింది. తరవాత మూడు నిమిషాలు గంట గుర్తు నొక్కమని బతిమాలింది. ఆ తరవాత కొత్త కర్టెన్లు చూపించింది. "అసలు విషయానికి వచ్చే ముందు" అని నాలుగుసార్లు అంది. పద్నాలుగో నిమిషంలో, "మూత ఇరుక్కుపోతే మీరైతే ఏం చేస్తారో కింద కామెంట్లలో రాయండి" అని నమస్కారం పెట్టింది.

ఈలోగా కుక్కర్ చల్లారి మూత దానంతటదే వచ్చింది. నేను మాత్రం చల్లారలేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల రోజు. తెల్లకాగితం మీద శుభ్రంగా రాశాను: "అయ్యా, పాలల్లో నీళ్ళు కలిపితే పట్టుకుంటారు. పద్నాలుగు నిమిషాల వీడియోలో చుక్క విషయం లేకుండా జనం నెత్తిన రుద్దేవాళ్ళని ఎందుకు పట్టుకోరు?"

కౌంటరులో గుమస్తా రెండుసార్లు చదివాడు.

"ఇది ఏ శాఖకి వెళ్తుందమ్మా?"

"మీకే తెలియాలి బాబూ."

ఆయన దగ్గర శాఖల జాబితా ఒకటి ఉంది. అర్జీలో ఏ మాట ఆ జాబితాలో కనిపిస్తే ఆ శాఖకి పంపడం అక్కడి పద్ధతి. మా ఊరికి రోడ్డు లేదు, రోగుల్ని మంచం మీద మోసుకొస్తున్నాం అని రాసినవాళ్ళకి అంతకుముందు వారమే, మంచాలు ప్రస్తుతం నిల్వ లేవని జవాబు వెళ్ళిందట. నా అర్జీలో ఆయన వేలు "పాలు" దగ్గర ఆగింది. స్టాంపు పడింది. కల్తీ నిరోధక శాఖ.

ఇరవై రోజులకి తనిఖీ అధికారి కోదండపాణి గారు మా ఇంటికి వచ్చారు. బక్కపల్చటి మనిషి, నలభై ఐదేళ్ళుంటాయి. భుజాన సంచీ, సంచీలో వెడల్పు మూతి సీసాలు. మంచినీళ్ళు తాగి, పెన్ను తీశారు.

"నమూనా ఎక్కడుందమ్మా?"

ఫోను చూపించాను.

"ద్రవమా, ఘనమా?"

"వీడియో అండీ."

ఆయన కాసేపు ఆలోచించి "ఇతరములు" అని రాసుకున్నారు. వీడియోని మూడు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, మూడు సీసాల్లో వేసి, మా పొయ్యి మీద లక్క కరిగించి సీలు వేశారు. ఒకటి ప్రయోగశాలకి, ఒకటి ఆఫీసుకి, ఒకటి తగాదా వస్తే చూడటానికి.

"పాల నమూనా అయితే నిలవుండటానికి మందు చుక్కలు వెయ్యాలమ్మా. దీనికేం వెయ్యాలో రూల్సులో లేదు. పాడవుతుందేమో."

"ఇంతకన్నా ఏం పాడవుతుందండీ."

నేను విసుక్కుని అన్నాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు: "నిలవ మందు అవసరం లేదు. నమూనా ముందే పాడైనది."

మనిషి మంచివాడు. వెళ్ళేటప్పుడు లక్క మరకలు కూడా తుడిచి వెళ్ళారు.

తరవాత నెలన్నరకి నాకు ఉత్తరం వచ్చింది. కల్తీ నిరోధక శాఖలో దృశ్య విభాగం అనే కొత్త విభాగం ఏర్పాటు చేయడమైనదనీ, వీడియోల నాణ్యతా ప్రమాణాలను నిర్ణయించు సంఘంలో నన్ను వినియోగదారుల ప్రతినిధిగా నియమించడమైనదనీ అందులో ఉంది. వీధిలో నలుగురికీ చూపించాను. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. అబద్ధమెందుకు, ఆ ఉదయం దేశం బాగుపడుతుందనే నమ్మాను.

ముందు ప్రయోగశాల చూపించారు. పొడుగాటి బల్ల, కంప్యూటరు, దాని ముందు ఇద్దరు గుమస్తాలు, చెరో స్టాప్‌వాచీ. వీడియోలో విషయం వచ్చినంతసేపూ కుడివైపాయన నొక్కి పట్టుకోవాలి. రానంతసేపూ ఎడమవైపాయన నొక్కి పట్టుకోవాలి. ఎడమవైపాయన బొటనవేలికి కట్టు ఉంది. కుడివైపాయన నిద్రపోతున్నాడు.

సంఘానికి అధ్యక్షులు సంయుక్త సంచాలకులు. అందరూ జేడీ గారంటారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని చదివారు. "రాష్ట్రవ్యాప్తంగా వెయ్యి నమూనాలు సేకరించి, విశ్లేషించి, సగటు నిర్ధారించడమైనది. పలకరింపులు తొమ్మిది శాతం. గంట నొక్కమనుట పద్నాలుగు. ఊరించుట ఇరవై ఏడు. చెప్పినదే చెప్పుట ఇరవై మూడు. గృహోపకరణముల ప్రదర్శన పదకొండు. ఏడ్పు పది. విషయం ఆరు. వెరసి నూరు. ఇదే ఇకపై ప్రామాణిక వీడియోగా పరిగణించబడును."

నేను చెయ్యి ఎత్తాను. "అయ్యా, అదే కదండీ నా ఫిర్యాదు. ఆరే ఉందని."

"మేడం, తేనెకి ప్రమాణం ఎలా పెడతాం? బజారులో తేనె తెచ్చి పరీక్షించి పెడతాం. వీడియోకి ప్రమాణం వీడియోలు తెచ్చే పెట్టాలి. గాల్లోంచి పెట్టలేం కదా."

"బజారంతా కల్తీ అయితేనో?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "బజారంతా ఒకేలా ఉంటే దాన్ని కల్తీ అని ఎలా అంటాం మేడం? ప్రమాణం అంటాం."

చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. అయినా ఇంకో మాట అడిగాను. "పోనీ, ఆరుకి తగ్గితే మటుకు పట్టుకుంటారా?"

"తప్పకుండా. ఉపేక్షించే ప్రసక్తే లేదు."

అది చాలనిపించింది. కనీసం ఆరన్నా ఉంటుంది గదా. ముప్పై ఏడు పేజీల నిబంధనల పుస్తకం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. ఇంట్లో మినప్పప్పు నానబోసి వచ్చాను. ఇంకో గంట ఆగితే పప్పు పులిసేలా ఉంది. సంతకం పెట్టేశాను. "ఆరు శాతానికి ఒక శాతం అటూ ఇటూ మించరాదు" అని పన్నెండో పేజీలో ఉన్న సంగతి నాకు తరవాత తెలిసింది.

నెల తిరగకుండా ఊరంతా ప్రమాణం ధ్యాసే. వీడియోల కింద గుండ్రటి ముద్ర వచ్చింది: "ప్రామాణికం. విషయం 6%." మొట్టమొదటి ధ్రువపత్రం కుక్కర్ ఆమెకే ఇచ్చారు. జేడీ గారు శాలువా కప్పారు. అంతకుముందు ఎనిమిదీ తొమ్మిదీ శాతం చెప్పుకొస్తున్నవాళ్ళు కూడా, మాకెందుకొచ్చిన గొడవని, ఒక్కో చిట్కా తీసేసి ఒక్కో ఏడుపు పెట్టుకున్నారు.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. వదిన, అన్నయ్య మా పక్క వాటాలోనే ఉంటారు. అన్నయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వదిన ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టింది, వీధిలో పిల్లలకి నేర్పింది. మోకాళ్ళు పట్టేసి గుమ్మం దిగడమే కష్టమయ్యాక, రెండేళ్ళ కిందట ఫోనుని కుట్టుమిషను మీద నిలబెట్టి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ వీడియోలో ఆవిడ మొహం ఉండదు. రెండు చేతులు, టేపు, సుద్దముక్క, కత్తెర. "ఇవాళ వీపు భాగం" అంటుంది. తొమ్మిది నిమిషాల్లో వీపు భాగం అయిపోతుంది. "అయింది" అంటుంది. ఆగిపోతుంది. చూసేది రెండొందల పదమూడు మంది. అందరూ ఎక్కడెక్కడో ఇళ్ళల్లో మిషన్లు పెట్టుకున్న ఆడపిల్లలు. ఈ మధ్యే జాకెట్టు ఎత్తుకుంది. కొలతలు, వీపు, ముందు భాగం, మూడు పాఠాలు అయ్యాయి. నాలుగోది చేతులు.

ఆ నాలుగోది చెప్పబోతుండగా కోదండపాణి గారు మళ్ళీ వచ్చారు. ఈసారి పక్క వాటాకి. చేతిలో నోటీసు.

"అమ్మా, మీ నమూనాలో విషయం తొంభై ఒక్క శాతం ఉన్నట్టు తేలింది."

వదిన టేపు మెళ్ళో వేసుకుని, "అయితే బాగుందంటారా?" అంది.

"కాదమ్మా. చాలా ప్రమాదకరమైన మోతాదు. మా గుమస్తా ఇన్నాళ్ళూ వేలు ఆడించక అలవాటు తప్పి ఉన్నాడు, తొమ్మిది నిమిషాలు నొక్కి పట్టుకునేసరికి చెయ్యి పట్టేసింది. మీది ప్రమాణానికి పదిహేను రెట్లు. సరిచేసేదాకా మీ వీడియోలు ఆపెయ్యాలి. ఏ రూపంలోనూ, ఏ ఫోనుకీ, ప్రజలకి పంపిణీ చెయ్యకూడదు."

వదిన నోటీసు కింద సంతకం చూసింది. వినియోగదారుల ప్రతినిధి అని నా పేరూ సంతకమూ అచ్చయి ఉన్నాయి. నా వైపు చూసింది.

"నీ సంతకమే గుండ్రంగా ఉందే తల్లీ."

"వదినా, కళ్ళజోడు లేక..."

"జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు కళ్ళజోడు మరిచిపోతే ఏమవుతుందో మొదటి పాఠంలోనే చెప్పాను. నువ్వు చూళ్ళేదన్నమాట."

అప్పుడే ఫోను మోగింది. తుని దగ్గర పల్లెనుంచి నూకరత్నం. ఇరవై రెండేళ్ళ పిల్ల, మూడు నెలల బాలింత. వదిన పాఠాలు చూసే మిషను తొక్కడం నేర్చుకుంది.

"పిన్నీ, చేతుల పాఠం ఎప్పుడెడతన్నావు? పెళ్ళోరివి పదకొండు జాకెట్లు ఒప్పుకున్నాను. అన్నీ పట్టే. బాడీలన్నీ కుట్టీసేను. చేతులే మిగిలేయి. వచ్చే గురువారవే పెళ్ళి."

"వేరేవాళ్ళవి ఏమన్నా చూశావుటే?"

"చూసేను పిన్నీ. రెండు గంటలు కూకున్నాను. ఆవిడ బీరువా చూపించింది, ఆళ్ళ కుక్కని చూపించింది, ఏడిసింది. ఆఖర్న చెయ్యి దూరంనుంచి చూపించి కత్తిరించీసింది. మా ఊరి టైలరు నవ్వుతన్నాడు. ఇయ్యి పాడైతే ఇంక నాకు గుడ్డముక్క ఎవరూ ఇవ్వరు పిన్నీ."

వదిన "చూస్తానులే" అని ఫోను పెట్టేసింది. "నోటితో చెప్తే వచ్చేది కాదు చెయ్యి. వంపు కళ్ళతో చూడాలి. బస్సెక్కుదామంటే మోకాళ్ళు లేవు." కోదండపాణి గారి వైపు తిరిగింది. "ఈ పిల్లకొక్కదానికి ఫోనులో పంపనా?"

"అదీ పంపిణీయేనమ్మా." ఆయన నొచ్చుకుంటూనే అన్నారు. "కానీ ఒక మార్గం ఉంది. పలచన చెయ్యండి."

లెక్క ఆయనే వేసి పెట్టారు. తొమ్మిది నిమిషాల విషయం ఆరు శాతం కావాలంటే వీడియో నూట యాభై నిమిషాలుండాలి. అంటే నూట నలభై ఒక్క నిమిషాలు విషయం లేకుండా మాట్లాడాలి.

"అంతసేపు నేనేం మాట్లాడను!" అంది వదిన.

"దానికేం, ఇది ఉంది కదా" అన్నాడు అన్నయ్య నన్ను చూపించి.

నేను తప్పు చేసినదాన్ని. ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున్న మొదలుపెట్టాం. పైన బొమ్మకి అన్నయ్యని నోరు తెరవమన్నాం. ముప్పై ఏళ్ళు "చిల్లర ఇవ్వాలి, దిగండి" అని అరిచిన నోరు, తెరిచేసరికి బొమ్మ అంతా అదే నిండింది. పక్కన ఎర్ర బాణం పెట్టాం. "ఈ చెయ్యి చూసి భర్త ఏం చేశాడంటే" అని రాశాం.

"నేనేం చేశాను?" అన్నాడు అన్నయ్య.

"ఏమీ చెయ్యవు. అదే పద్ధతి" అన్నాను.

నేను కెమెరా ముందు కూచుని "హాయ్ ఫ్రెండ్స్" అన్నాను. వదిన నా వెనక నుంచి, "ఎవరే వాళ్ళు?" అంది. గంట గుర్తు నొక్కమన్నాను, మూడుసార్లు. మా ఫ్రిజ్ చూపించాను. నాలుగో నిమిషానికి నాకు మాటలు అయిపోయాయి. ఇంకా నూట ముప్పై ఏడు నిమిషాలు మిగిలాయి.

ఖాళీగా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కుక్కర్ ఆమె మీద గౌరవం కలిగింది. ఏదో ఒకటి అనాలి కదా అని వదిన్ని అడిగాను, "నువ్వు పాడుచేసిన జాకెట్టు ఎప్పుడన్నా ఉందా?"

"ఎందుకు లేదూ. మునసబు గారి కోడలిది. రెండు చేతులూ ఒకే భుజానివి కత్తిరించేశాను."

"ఏం చెప్పావు ఆవిడకి?"

"నేనే పాడుచేశానని చెప్పాను. గుడ్డ కొనిచ్చాను. కొలతలు తప్పిచ్చారని చెప్పుంటే ఆవిడ నమ్మేది. కానీ ఎప్పటికైనా నిజం తెలిశాక ఇంక నన్ను నమ్మేది కాదు."

అలా మొదలైంది. జాకెట్టు బిగుతైందని వచ్చిన మనిషితో, మీరు లావయ్యారని అనకుండా ఎలా చెప్పాలి. గుడ్డ తడిస్తే ఎంత కుంచించుకుపోతుందో ఒక మూల తడిపి ముందే ఎలా చూసుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో సూదులెక్కడ దాచాలి. పెళ్ళివాళ్ళు రేపటికల్లా కావాలంటే ఏ మాట చెప్పాలి, ఏ మాట చెప్పకూడదు. మధ్యలో తొమ్మిది నిమిషాలు చేతుల పాఠం చెప్పేసి, వదిన మళ్ళీ కబుర్లలో పడింది. అన్నయ్య పనులన్నీ మానేసి గుమ్మంలో కూచుని విన్నాడు. పెళ్ళై ముప్పై ఆరేళ్ళైనా ఇవేవీ తనకి తెలియవన్నాడు. "నువ్వెప్పుడు అడిగావు?" అంది వదిన. అదీ రికార్డయింది.

నూట యాభై నిమిషాలు సరిగ్గా లాక్కొచ్చాం. సీసాల్లో వేసి పంపాం.

మంగళవారం జేడీ గారి ఆఫీసుకి నన్ను పిలిపించారు. కోదండపాణి గారు పక్కన నిలబడి నేల చూస్తున్నారు.

"మేడం, మీరు సంఘ సభ్యులు. మీనుంచి ఇది ఆశించలేదు." కాగితం నా ముందుకు తోశారు. "నలభై నాలుగు శాతం."

"అదెలాగండీ? పాఠం తొమ్మిది నిమిషాలే."

"పాఠం సంగతి కాదు. కబుర్లు! ఆ కబుర్లనిండా విషయమే. మా గుమస్తా ఒకాయన ఆ సూదుల సంగతి రాసుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. ఇంకొకాయన ఆ రెండు చేతుల ముక్క వెనక్కి తిప్పి చూశాడు, ఆఫీసు వేళల్లో. పలచన చెయ్యమంటే చిక్కన చేశారు."

"మాకు అంతకన్నా ఖాళీగా మాట్లాడటం రావట్లేదండీ."

జేడీ గారు కాస్త మెత్తబడ్డారు. "అది లోపమే. కానీ సరిదిద్దుకోగల లోపం. శాఖ తరఫున మూడు రోజుల శిక్షణ ఉంది. విషయరహిత సంభాషణలో మెలకువలు. నేనే ప్రారంభోపన్యాసం ఇస్తాను."

ఇస్తారనడంలో నాకు సందేహం లేదు. "శిక్షణ ఎప్పుడండీ?"

"వచ్చే నెల."

పెళ్ళి గురువారం.

ఇంటికొచ్చి, మొదటిసారిగా, కళ్ళజోడు పెట్టుకుని ఆ ముప్పై ఏడు పేజీలూ చదివాను. పాపం, వాళ్ళకి వీడియోల గురించి రాయడానికి కొత్తగా ఏమీ తోచక, పాత ఆహార పదార్థాల నిబంధనల్లో ఆహారం అన్నచోటల్లా వీడియో అని మార్చారు. "వీడియోపై ఈగలు వాలకుండా మూత ఉంచవలెను" అని తొమ్మిదో పేజీలో ఉంది. ముప్పై ఒకటో పేజీలో ఇలా ఉంది: "గృహావసరాలకై, కుటుంబ సభ్యుల వినియోగం నిమిత్తం తయారుచేసుకొను వీడియోలకు ఈ ప్రమాణములు వర్తించవు."

ఇంట్లో ఆవకాయకి లైసెన్సు అక్కర్లేదు కదా, అందుకని.

"వదినా, నూకరత్నం నిన్నేమని పిలుస్తుంది?"

"పిన్నీ అంటుంది. నువ్వూ విన్నావుగా."

"మిగతావాళ్ళు?"

"ఒకళ్ళు అత్తా అంటారు, ఒకళ్ళు అక్కా అంటారు. ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు. పేరు పెట్టి ఎవరు పిలుస్తారే పెద్దదాన్ని?"

కుటుంబ మినహాయింపు కోరడానికి ఫారం పదకొండు తెచ్చాం. పేరు, బంధుత్వం, ఆధారం. రెండొందల పదమూడు మందికీ ఫోన్లు చేశాం. అన్నయ్య రాస్తూ కూచున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సునిండా మనుషుల్ని లెక్కపెట్టినవాడు, ఒక్కరూ తప్పలేదు. ఆధారం అన్నచోట అందరికీ "పిలుపు" అని రాశాడు.

బుధవారం పొద్దున్నే కోదండపాణి గారు విచారణకి వచ్చారు. వంశవృక్షం గీయాలట, అదీ నిబంధన. పదకొండు కాగితాలు అతికించి నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూచుని గీయడం మొదలుపెట్టారు. గంటకి తల పట్టుకున్నారు.

"అమ్మా, ఈ తల్లీకూతుళ్ళిద్దరూ మిమ్మల్ని అక్కా అనే అంటున్నారు. తల్లికి అక్కైతే కూతురికి పెద్దమ్మ కావాలి కదా."

"కూతురు నేర్చుకున్నాక తల్లి చేరింది నాయనా. కూతురు ఎలా పిలిస్తే తనూ అలాగే పిలిచింది."

"ఈవిడ మీకు కోడలట. మీకు కొడుకులు..."

"లేరు. ఆ పిల్ల అత్తా అంటుంది, నేను కోడలా అంటాను. కొడుకుతో పనేముంది?"

ఆయన పెన్ను మూసి, నమూనాకి ఒకరిని ఫోనులోనే అడిగి చూస్తానన్నారు. జాబితాలో వేలు పెడితే నూకరత్నం వచ్చింది.

"అమ్మాయ్, నేను గవర్నమెంటు ఆఫీసునుంచి. హైమావతి గారు నీకేమవుతారు?"

"పిన్నండి."

"ఎలా పిన్ని?"

"పిన్నీ అని పిలుస్తానండి."

"అది కాదు. ఎలా అయ్యారు?"

అటువైపు పసిపిల్ల ఏడుపు వినిపించింది. నూకరత్నం దాన్ని ఊరుకోబెడుతూనే అంది, "పిలిస్తే పలికిందండి. మీకెవరూ అలా లేరేటండి?"

కోదండపాణి గారు ఫోను వదినకిచ్చేసి, నేల మీద పరిచిన వంశవృక్షాన్ని జాగ్రత్తగా చుట్టారు. ఫారం మీద చాలాసేపు రాశారు. మధ్యాహ్నం లోపల జేడీ గారి సంతకం కూడా అయింది. తరవాత నేను ఆ ఫైలు చూశాను. "కుటుంబం అను పదమునకు నిబంధనలలో నిర్వచనం లేనందున, పిలిచినవారు, పలికినవారు కలిసి ఒక కుటుంబముగా పరిగణించవచ్చును" అని కోదండపాణి గారు రాశారు. కింద జేడీ గారు, "అంగీకరించడమైనది. అయితే విషయం ఇంటి గడప దాటరాదు" అని రాశారు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి వదిన మిషను ముందు కూచుంది. ఫోను నిలబెట్టింది. నన్ను నోరు మూసుకోమంది.

"ఇవాళ చేతులు. గుడ్డ నాలుగు మడతలు వెయ్యండి. చంక కొలత ఇక్కడ. ఈ వంపు ఇలా గీయండి. ఇది వెనక వైపు. ఇప్పుడు పై రెండు మడతలూ తెరిచి, ముందు వైపు అర అంగుళం లోతుగా ఇలా తీయండి. తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడండి, లోతులు ఎదురెదురుగా ఉండాలి. ఒకే వైపుంటే రెండూ ఒకే భుజానివి. నేనోసారి అలా పాడుచేశాను. అయింది."

తొమ్మిది నిమిషాల పది సెకన్లు.

గురువారం పదిన్నరకి కోదండపాణి గారు వచ్చారు. తగాదా వస్తే చూడటానికని ఉంచిన మూడో సీసా వాపసు ఇవ్వాలట. సంతకాలు పెట్టించుకుంటుండగా వదిన ఫోను మోగింది. వీడియో కాల్. నూకరత్నం మొహం కనిపించింది, చెమటలు, నిద్ర లేని కళ్ళు, వెనకాల పెళ్ళిమేళం హోరు.

"పిన్నీ, సూడు!"

ఫోను తిప్పింది. పెళ్ళిల్లు. పందిరి కింద పదకొండు మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఎర్ర అంచులు, ఆకుపచ్చ చేతులు, పసుపు చేతులు. మధ్యలో పెళ్ళికూతురు, బుగ్గన చుక్క. వాళ్ళ వెనక ఎవరో ముసలాయన మెళ్ళో టేపుతో, నవ్వకుండా నిలబడి చూస్తున్నాడు.

"ఎత్తండి!" అని అరిచింది నూకరత్నం.

పదకొండు మందీ ఒక్కసారి రెండు చేతులూ పైకెత్తారు.

వదిన కళ్ళజోడు సరిచేసుకుని ఫోను దగ్గరగా పెట్టుకుంది. ఒక్కొక్కరినీ చూసింది. తొందరపడలేదు.

కోదండపాణి గారు సీసా పట్టుకుని వంగి చూశారు. "ఇదేంటమ్మా, ఏదైనా తీర్మానమా?"

"పరీక్ష నాయనా. చెయ్యి సరిగ్గా కూచోకపోతే, ఎత్తినప్పుడు జాకెట్టు పైకి లేస్తుంది."

"లేచాయా?"

వదిన మళ్ళీ మొదటినుంచి చూస్తోంది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను గానీ, లేదు, కొంగుతో ఫోను అద్దం తుడిచింది. అక్కడ పందిట్లో ఎవరూ చేతులు దించలేదు. వదిన సరేనంటేగానీ దించేలా లేరు.

కోదండపాణి గారు కూడా ఆ మొదటామె నుంచి ఆఖరామె దాకా చూశారు. జేబులోంచి పెన్ను తీసి, ఏ ఫారంలో రాయాలో తోచక, మళ్ళీ జేబులో పెట్టుకుని వదిన వైపు తిరిగారు.

"ఒక్కటీ లేవలేదక్కా. ఇంక దించమను, పాపం చేతులు లాగుతాయి."